షెల్టర్ నుంచి కుదురులేని కుర్ర కుక్కను తెచ్చుకుంటున్నారా? మొదటి మూడు నెలలు ఇలా నడపండి

షెల్టర్‌లో అడుగుపెట్టగానే బోను తలుపు మీదకు ఎగిరెగిరి పడుతూ, గొంతు బొంగురుపోయేలా మొరుగుతూ, చువ్వల సందులోంచి మీ చొక్కా అంచు నోట పట్టుకునే కుక్కలు కొన్ని కనిపిస్తాయి. చాలావాటి వయసు ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చి తెచ్చుకున్నవాళ్లే, అది ఎదిగి, బలం పుంజుకుని, చెప్పిన మాట వినని వయసుకు రాగానే వదిలించుకుంటారు. కుక్కలో లోపం కోసం వెతికితే తరచూ ఏమీ దొరకదు. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు, అంతే.

ఇలాంటి కుక్కను తెచ్చుకునేవాళ్లు ముందుగా వేసుకునే లెక్క ఒకటుంది: ‘రోజూ బాగా పరుగెత్తిస్తే అలిసిపోయి అదే పడుకుంటుందిలే.’ వారం పది రోజులు ఈ లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఆ తర్వాత కుక్కకు దమ్ము పెరుగుతుంది. అరగంటకు అలిసేది గంట అడుగుతుంది, గంట ఇస్తే గంటన్నర. దానికి పరుగు అక్కర్లేదని కాదు. చుట్టూ ఏమీ జరగనప్పుడు ఊరికే పడుకోవడం దానికి చేతకాదు, ముందు రావాల్సింది అది. పగలంతా పక్క బోన్ల మొరుగుడు, వచ్చీపోయే మనుషుల మధ్య ఉన్న కుక్కకు అది నేర్చుకునే వీలు ఎక్కడుంది? కింద చెప్పే పద్ధతి అంతా ‘ముందు కుదురు, తర్వాత పరుగు’ అన్న లెక్క మీదే నడుస్తుంది.

వెళ్లేముందు మీ రోజును లెక్కేసుకోండి

ఉదయం 40 నిమిషాలు, సాయంత్రం 40 నిమిషాలు నడకకు. మధ్యలో మూడు నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు నేర్పడానికి. ఇవి కాక మొదటి రెండు వారాలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఆ తర్వాత కూడా ఒక్కదాన్నే వదిలే సమయం నాలుగైదు గంటలు దాటకుండా చూసుకోగలగాలి. ఈ లెక్క కుదరకపోతే నాలుగైదేళ్లు దాటిన, నిదానమైన కుక్కను తెచ్చుకోవడం మేలు. షెల్టర్‌లో అలాంటివీ ఉంటాయి, వాటికీ ఇల్లు కావాలి.

ఇంట్లో అందరూ ఒక్కమాట మీద ఉండాలి. సోఫా ఎక్కనివ్వాలా వద్దా, రాత్రి ఎక్కడ పడుకోవాలి, పిలవడానికి వాడే మాట ఏది, ఇవన్నీ కుక్క రాకముందే తేల్చుకోండి. ఒకరు ‘వద్దు’ అని దించితే ఇంకొకరు చంకనెత్తుకుంటే కుక్కకు అర్థమయ్యేది ఒకటే, గట్టిగా పట్టుబడితే పని జరుగుతుందని. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. నడక సరిగ్గా రాని పసిపిల్లలు ఉన్న ఇంటికి 25 కిలోల కుర్ర కుక్క మంచి జోడీ కాదు. అది కరవకపోయినా ఆటలో పడేస్తుంది.

షెల్టర్‌లో ఏం అడగాలి, ఏం చూడాలి

ఆఫీసులో కూర్చున్నవారి కంటే ఆ కుక్కను రోజూ బయటికి తిప్పే మనిషితో మాట్లాడండి. కార్డు మీద ‘హుషారైనది, అందరితో కలుస్తుంది’ అని రాసి ఉంటుంది. అసలు సంగతి పగ్గం పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. ఎలా వచ్చింది, ఎన్నాళ్లుగా ఉంది, వెనక్కి వచ్చిన కుక్కా, వస్తే ఎందుకు వచ్చింది? ఎవరినైనా కరిచిందా, చర్మం తెగిందా? తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది? మిగతా కుక్కలను చూస్తే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పే షెల్టర్ మంచి షెల్టర్. ‘తెలియదు’ అన్నా ఫరవాలేదు, దాటవేస్తేనే ఆలోచించాలి.

కాగితాల్లో చూడాల్సినవి: రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకు వేసే టీకాల తేదీలు, నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందా, జరిగితే ఏ తేదీన, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని నంబరు. ప్రస్తుతం ఏ తిండి ఎంత పెడుతున్నారో, విరేచనం గట్టిగా అవుతోందో లేదో కూడా రాసుకోండి. ఇంటికొచ్చాక మొదటి వారం ఈ వివరాలే పనికొస్తాయి.

బోనులో ఉన్న కుక్కను చూసి తీర్పు చెప్పకండి. ఎగిరి మొరిగే కుక్క బయట నెమ్మదిగా ఉండొచ్చు, మూల నక్కినది బయట చెలరేగొచ్చు. గోల లేని ఖాళీ స్థలానికి తీసుకురమ్మని అడగండి. మొదటి ఐదు పది నిమిషాలు అది మిమ్మల్ని పట్టించుకోదు. వాసన చూస్తుంది, ఉచ్చ పోస్తుంది, అటూ ఇటూ పరిగెడుతుంది. మీరు ఊరికే నిలబడండి.

ఇప్పుడు చూడాల్సింది హుషారు ఎంత ఉందని కాదు, ఎంతసేపటికి దిగుతోందని. పావుగంటకల్లా నడక నెమ్మదించి, మీ వైపు ఒకటి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తే మంచి గుర్తు. దగ్గరికొచ్చినప్పుడు ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలని ఆనుకుంటే సరే. ముఖం తిప్పుకున్నా, పెదవి నాకినా, వెనక్కి జరిగినా ఇంకా సమయం పడుతుందని అర్థం, చెడ్డ కుక్కని కాదు. మీ చేతిలోని తాళాలు నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం మామూలే. అర నిమిషంలో తేరుకుని వచ్చి వాసన చూస్తోందా, లేక ఇక ఆ మూలకే రాకుండా వణుకుతోందా అన్నదే చూడాలి.

ఒళ్లు బిగుసుకుని, కదలకుండా, కనుగుడ్ల తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడటం, తిండి ముక్క దగ్గర బిగుసుకుపోయి గుర్రుమనడం, పగ్గాన్ని కొరుకుతూ చేతి వైపు ఎగబాకడం: ఇవి కనిపిస్తే, ఇదే మీ మొదటి కుక్క అయితే, ఇంకోదాన్ని చూడండి. అనుభవం ఉన్నవాళ్లు సరిదిద్దుకోగలరు, కొత్తవాళ్లకు మాత్రం కష్టం. నచ్చిన కుక్కను మర్నాడు వేరే సమయంలో ఇంటిల్లిపాదీ వెళ్లి మళ్లీ చూడండి. ఒకటి రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని చూసే వీలు ఇస్తే వదులుకోకండి.

ఇల్లు సిద్ధం చేయడం

మెడకు కాలర్, దానికి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల. ఛాతీ దగ్గర ఒకటి, వీపు మీద ఒకటి చొప్పున రెండు రింగులున్న హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీ. ఆరడుగుల మామూలు లీష్ (పగ్గం). 5 నుంచి 10 మీటర్ల పొడుగు తాడు. కాలర్ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు, అంతకంటే వదులైతే భయపడి వెనక్కి గుంజినప్పుడు తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. తల సన్నగా, మెడ లావుగా ఉన్న కుక్కకు గుంజినప్పుడు మాత్రమే కొద్దిగా బిగుసుకునే మార్టింగేల్ కాలర్ కొనండి. బటన్ నొక్కితే చుట్టుకునే లీష్ కొనకండి. ఎప్పుడూ కొద్దిగా గుంజుతూ ఉంటేనే అది సాగుతుంది కాబట్టి లాగడమే నేర్పుతుంది. పిడి చేజారితే ఆ చప్పుడు వెంటబడుతోందనుకుని కుక్క బెదిరి పరుగు తీస్తుంది.

క్రేట్ (ఇంట్లో కుక్కను ఉంచే బోను లాంటి పెట్టె) కొంటే కుక్క లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉండాలి. వద్దనుకుంటే ఒక గదికి అడ్డంగా గేటు పెట్టినా చాలు. మీరు అక్కడ లేనప్పుడు అది చెప్పులు, వైర్లు, చెత్తబుట్ట అందుకోలేని చోటు ఒకటి ఉండటమే ముఖ్యం. అందకుండా పెట్టాల్సిన వాటిలో ప్రాణం మీదకు తెచ్చేవి ఇవి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చూయింగ్ గమ్‌లు, ఎలుకల మందు, మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు. ఉడికించిన ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి, అవీ వద్దు. ఇంటి చుట్టూ గోడ ఉంటే దాని ఎత్తు చూసుకోండి. నాలుగడుగుల గోడ కుర్ర కుక్కకు ఓ లెక్క కాదు.

తెచ్చే రోజు, ఆ తర్వాతి మూడు రోజులు

బండిలో వాంతి చేసుకోకుండా బయల్దేరే మూడు గంటల ముందు నుంచి తిండి పెట్టొద్దని షెల్టర్‌కు చెప్పండి. పగ్గాలు రెండు వేయండి, ఒకటి కాలర్‌కు, ఒకటి హార్నెస్‌కు. కొత్త కుక్క తప్పించుకుపోయే ప్రమాదం ఈ మొదటి రోజుల్లోనే ఎక్కువ. దానికింకా మీరు ఎవరో తెలియదు, ఇల్లు ఎటో తెలియదు. కారు తలుపు, ఇంటి తలుపు, గేటు, ఏది తెరిచినా ముందు పగ్గం చేతిలో ఉండాలి. ఒకవేళ చేజారిపోతే వెంటపడకండి, పరుగులో మీరు ఓడిపోతారు. పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, లేదా వ్యతిరేక దిశలో పరిగెత్తండి. చాలా కుక్కలు ఏం జరుగుతోందో చూడటానికి వెనక్కి వస్తాయి.

ఇంటికి రాగానే లోపలికి కాకుండా, రోజూ మలమూత్రాలకు తీసుకెళ్లబోయే చోటికే ముందు నడిపించండి. పని అయ్యేదాకా ఆగి, అవ్వగానే ఒక ముక్క ఇచ్చి, అప్పుడు లోపలికి. పగ్గంతోనే ఇల్లు ఒక చుట్టు చూపించి దాని చోటికి చేర్చి నీళ్లు పెట్టండి. ఆ రోజుకు అంతే. చుట్టాలను పిలవడం, స్నానం చేయించడం, పక్కింటి కుక్కను పరిచయం చేయడం, ఇవేవీ ఈ మూడు రోజుల్లో వద్దు.

ఈ రోజుల్లో కుక్క రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటిది, అస్సలు నిద్రపోకుండా తిరగడం. రెండోది, తిండి ముట్టకుండా ముడుచుకుని పడుకోవడం. ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోయేది ఈ రెండో రకాన్ని చూసే. అది బుద్ధి కాదు, బెరుకు. అసలు స్వభావం మెల్లగా బయటపడటానికి మూడు వారాలు పడుతుంది, ఇల్లు తనదని కుదురుకోవడానికి మూడు నెలలు.

తిండి, కడుపు, డాక్టరు

షెల్టర్‌లో పెట్టిన తిండే మొదటి నాలుగైదు రోజులు పెట్టండి. మార్చాలనుకుంటే వారం రోజుల్లో, పావు వంతు చొప్పున కొత్తది కలుపుతూ పోండి. చోటు మారిన ఆందోళనకే ఒకటి రెండు రోజులు విరేచనం పలచబడొచ్చు. రక్తం పడినా, వాంతులు తోడైనా, మందకొడిగా పడి ఉన్నా ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పార్వో లాంటి జబ్బుల్లో గంటలు లెక్కకొస్తాయి.

మొదటి వారంలో ఎలాగూ ఒకసారి చూపించాలి. విరేచనం పరీక్ష, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకు రక్తపరీక్ష, చర్మం, చెవులు, పళ్లు చూపించండి, మిగిలిన టీకాల తేదీలు రాయించుకోండి. షెల్టర్ నుంచి అంటుకున్న దగ్గు బయటపడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి అంతవరకు బయటి కుక్కలతో కలపకండి. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు పొడిదగ్గు వినిపిస్తే అదే. మైక్రోచిప్ ఉంటే ఆ రిజిస్ట్రేషన్‌లో మీ పేరు, నంబరు మార్పించండి. ఇది చాలామంది మరిచిపోయే పని.

ఆపరేషన్ అయిన వెంటనే తెచ్చుకున్నట్టయితే 10 నుంచి 14 రోజులు పరుగెత్తడం, దూకడం, మెట్లు ఎక్కడం బంద్. కుట్టు నాకకుండా మెడకు గరాటు. ఈ మాట వినగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. నిజానికి ఈ రెండు వారాలే కుక్కకు కుదురు నేర్పడానికి దొరికే మంచి అదను.

కుదురు నేర్పడం

ఈ ఒక్క పాఠం మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కావాల్సినవి ఒక చాప లేదా మందపాటి తువ్వాలు, ఆరడుగుల లీష్, రోజువారీ తిండిలోంచే తీసిన శనగగింజంత ముక్కలు ముప్పై. కుక్క ఒకసారి బయటికి వెళ్లొచ్చి, కొంచెం సేపు గడిచాక మొదలుపెట్టండి. ఆట ముగిసిన వెంటనే వద్దు.

1. చాప మీ కుర్చీ పక్కన పరవండి. కుక్క పడుకోవడానికి సరిపడా వదిలి, మిగతా లీష్‌ను పాదం కింద తొక్కిపట్టండి. అది దూకడానికి లేస్తే ఆ వదులు చాలకూడదు.

2. ఏమీ మాట్లాడకండి. ‘కూర్చో’ అని కూడా అనకండి. చాప మీద కాలు వేసినా, తల వంచి వాసన చూసినా ఒక ముక్క చాప మీద పెట్టండి.

3. అది పడుకోగానే ఐదు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ముందుకాళ్ల మధ్య, నేలకు ఆనించి పెట్టండి. చెయ్యి పైనుంచి ఇస్తే ముక్క కోసం లేచి కూర్చుంటుంది. అందరూ చేసే పొరపాటు ఇదే.

4. తర్వాత మూడు సెకన్లకు ఒకటి, ఐదు సెకన్లకు ఒకటి, పదికి, ఇరవైకి. మధ్యలో లేస్తే కోప్పడకండి, ఊరుకోండి. మళ్లీ పడుకున్నాక మళ్లీ చిన్న వ్యవధి నుంచి మొదలుపెట్టండి.

5. అది తనంతట తాను లేవకముందే ముగించండి. ‘సరే’ లాంటి ఒకే మాట ఎప్పుడూ వాడుతూ, చివరి ముక్కను చాప బయటికి విసరండి.

ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. ఇక్కడ కళ్లు పెట్టాల్సింది నడుము మీద. వెనక కాళ్లు రెండూ కింద మడిచి, ఎప్పుడెప్పుడు లేద్దామా అన్నట్టు పడుకుంటే శరీరం పడుకుంది కానీ మనసు పడుకోలేదు. నడుము ఒక పక్కకు ఒరిగి, వెనక కాళ్లు రెండూ ఒకే వైపు పడి, కాసేపటికి గడ్డం నేలకు ఆనితే, ఊపిరి ఒకసారి బరువుగా వదిలితే, అది అసలైన విశ్రాంతి. ఆ క్షణంలో పెట్టే ముక్క మిగతా ఇరవైకంటే విలువైనది. అలాగని సంబరంగా మెచ్చుకోకండి, మీ గొంతు వినగానే తోక ఊపుతూ లేచిపోతుంది.

వారం గడిచేసరికి చాలా కుక్కలు పదిహేను ఇరవై నిమిషాలు పడుకోగలుగుతాయి. అప్పుడు అదే చాపను వంటింటి గడప దగ్గరికి, తర్వాత వాకిట్లోకి, ఆ తర్వాత జనం దూరంగా తిరిగే చోటికి మార్చండి. చోటు మారిన ప్రతిసారీ వ్యవధి మళ్లీ మూడు సెకన్లకు దించాలి. ఎక్కడా కుదరకపోతే కారణం రెండింటిలో ఒకటి. ముక్కలు మరీ రుచిగా ఉండి కుక్క వాటి మీద నుంచి కళ్లు తిప్పలేకపోతోంది, లేదా దానికి ఉచ్చ వస్తోంది.

పరుగు ఎంత, ఏ రకం

నడకలో సగం సమయం దాని ముక్కుకు వదిలేయండి. వీపు రింగుకు పొడుగు తాడు తగిలించి, ఖాళీ స్థలంలో ఎటు వాసన లాగితే అటు పోనివ్వండి. కుక్క ఒకే పొద దగ్గర రెండు నిమిషాలు నిలబడితే విసుక్కోకండి. వాసన చూస్తున్నప్పుడు తల కిందికి, నడక వంకరటింకరగా ఉంటుంది. అలా అరగంట తిరిగొచ్చిన కుక్క ఇంట్లో పడుకుంటుంది. అదే అరగంట బంతి విసిరి తెప్పిస్తే ఇంటికొచ్చాక కూడా ఒగరుస్తూ మీ చేతిలో బంతి కోసం వెతుకుతుంది. బంతి ఆట పూర్తిగా మానమని కాదు, పది విసుర్లకు ఆపండి, ఒక్కో విసురుకు మధ్య దాని ఊపిరి కుదుటపడనివ్వండి.

ఎముకల చివర్లలో పెరిగే భాగాలు చాలా కుక్కల్లో ఏడాది వయసుకు అటూ ఇటూగా గానీ గట్టిపడవు, పెద్ద జాతుల్లో ఇంకా ఆలస్యం. అందాకా సైకిల్ వెంట పరుగెత్తించడం, ఎత్తు మీంచి పదే పదే దూకించడం, గట్టి రోడ్డు మీద దూరాలు పరుగెత్తించడం వద్దు. ఎండ ఉన్నప్పుడు అరచేతి వెనక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచగలిగితేనే దాని పాదాలూ ఓర్చుకుంటాయి. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ముఖ్యంగా ఒగర్చడం ద్వారానే, మనలా చెమట పట్టి కాదు. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలకు కూడా వదిలేయకండి.

ఇంట్లో చేయగలిగినవి: రోజు తిండిలో సగం గడ్డిలో చల్లి వెతుక్కోనివ్వండి, లేదా తువ్వాల్లో పొరలు పొరలుగా చుట్టి ఇవ్వండి, లేదా బోలు రబ్బరు బొమ్మలో కూరి గడ్డకట్టించి ఇవ్వండి. నాకడం, నమలడం కుక్కను నెమ్మదింపజేస్తాయి. తాడు లాగే ఆట కూడా మంచిదే, ‘వదులు’ అనగానే వదిలితే మళ్లీ మొదలవుతుందన్న షరతు మీద. పళ్లు మీ చేతికి తగిలితే ఆట అర నిమిషం బంద్.

దూకడం, నోట పట్టడం, లాగడం

మనిషి రాగానే ఎగరడం ఎందుకు మానదంటే, ఎగిరిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది: చూపు, మాట, చేతితో తోయడం. తోయడం కూడా దానికి ఆటే. గుమ్మం దగ్గర ముక్కల డబ్బా పెట్టుకోండి. లోపలికి రాగానే, అది ఎగరకముందే, నాలుగైదు ముక్కలు నేల మీద చల్లండి. నాలుగు కాళ్లూ నేల మీద ఉండగా కింద నుంచి ఛాతీ నిమరండి. ఎగిరితే మాటాపలుకూ లేకుండా వెనుదిరగండి. బయటివాళ్లు వచ్చేటప్పుడు పగ్గం వేసి ఉంచండి, వాళ్ల ఓర్పు మీద ఆధారపడొద్దు. నాలుగైదు రోజులకు ఎగరడం ఉన్నట్టుండి రెట్టింపవుతుంది. ఇన్నాళ్లూ పనిచేసినది పనిచేయడం లేదని కుక్క ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తోంది. ఇక్కడ జాలిపడి ఒక్కసారి పలకరిస్తే మొదటికే మోసం.

చేతులు, బట్టలు నోట పట్టుకోవడం ఎక్కువగా సాయంత్రాలు వస్తుందని గమనిస్తారు. అది ఆట ఎక్కువై కాదు, నిద్ర తక్కువై. కుర్ర కుక్కకు రోజులో 14 గంటలకు అటూ ఇటూగా నిద్ర కావాలి, దానంతట అది ఆగి నిద్రపోవడం ఇంకా రాదు. పగలు రెండుసార్లు, గంటన్నర చొప్పున, క్రేట్‌లోనో గేటు వెనకనో నమిలేది ఏదైనా ఇచ్చి చీకటి చేయండి. ఈ ఒక్క మార్పుతోనే కొరుకుడు బాగా తగ్గిపోయే కుక్కలు చాలా ఉన్నాయి. అప్పటికీ నోట పట్టుకుంటే చెయ్యి లాక్కోకండి, లాగితే వేట అనుకుంటుంది. కదలకుండా ఆగి, బొమ్మ అందించండి. వినకపోతే గేటు అవతలికి ముప్పై సెకన్లు వెళ్లి రండి.

లాగే కుక్కకు ముందు రింగుకు పగ్గం తగిలించండి. బిగుసుకున్న క్షణంలో ఆగండి. అది తల తిప్పి చూసి పగ్గం వదులవగానే, మీ మోకాలి పక్కన ముక్క ఇచ్చి కదలండి. మొదటి రోజుల్లో పది నిమిషాల్లో వంద అడుగులు కూడా దాటరు. అందుకే ఈ పాఠం నడకలో కాదు, ఇంటి ముందే చేయండి. నడకకు పొడుగు తాడు వేరే ఉంది కదా.

ఎనిమిది నెలల వయసుకు అటూ ఇటూగా, నేర్చుకున్న మాటలు కూడా మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. 2020లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వారు ఇతర పరిశోధకులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, గైడ్ డాగ్‌లుగా (చూపు లేనివారికి దారి చూపేవి) పెంచుతున్న కుక్కలు 8 నెలల వయసులో తమను సాకేవాళ్లు ‘కూర్చో’ అంటే వినడం తగ్గిందనీ, అదే మాట కొత్తవాళ్లు చెబితే విన్నాయనీ తేలింది. అంటే అది మీ పెంపకం లోపం కాదు, వయసు. అదే మాటను పదిసార్లు అరవకండి. ఒకసారి చెప్పి, పగ్గంతో సాయం చేసి, చేయగానే ముక్క ఇచ్చి వదిలేయండి.

ఒంటరిగా ఉండటం

రెండు వారాలు ఎవరో ఒకరు తోడుండి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆరు గంటలు తాళం వేసి వెళ్తే కుక్కకు దిక్కు తోచదు. రెండో రోజు నుంచే మొదలుపెట్టండి. గేటు అవతలికి వెళ్లి పది సెకన్లలో రండి, తర్వాత ముప్పై, తర్వాత తలుపు మూసి రెండు నిమిషాలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావుడి చేయకండి. పాత ఫోన్‌తో వీడియో తీయండి, వెళ్లిన తర్వాతి అరగంటే అసలైన పరీక్ష. కాసేపు గునిసి పడుకుంటే సరే. చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ, ఆగకుండా అరుస్తుంటే అది అల్లరి కాదు, భయం. అలాంటి కుక్కను క్రేట్‌లో పెట్టి తాళం వేస్తే పళ్లు, గోళ్లు విరగ్గొట్టుకుంటుంది. డాక్టరుతో మాట్లాడండి.

ఇంట్లో ముందే కుక్క ఉంటే

పరిచయం ఇంట్లో వద్దు, రెండు కుక్కల్లో దేనిదీ కాని చోట పెట్టుకోండి. ఇద్దరు మనుషులు చెరో కుక్కను పట్టుకుని, మధ్య నాలుగైదు మీటర్లు వదిలి, ఒకే దిశలో పావుగంట నడవండి. పగ్గాలు వదులుగా ఉంటే దూరం తగ్గించండి. మొహామొహీ ఎదురుపడనివ్వకండి. తిండి గిన్నెలు, నమిలేవి నెల దాకా వేర్వేరు గదుల్లోనే. పిల్లి ఉంటే గేటు, పగ్గం, పిల్లికి ఎత్తైన చోటు, ఈ మూడూ తప్పనిసరి.

మూడు వారాల తర్వాత బయటపడేవి

కొత్తగా గుర్రుమనడం, ఎముక పట్టుకుని మూలకు పోవడం, దారిలో కుక్కను చూసి పగ్గం తెంచుకునేలా మొరగడం, ఇవి మూడో వారంలోనో ఆ తర్వాతో మొదలైతే కుక్క చెడిపోయిందనుకోకండి. బెరుకు తీరి, ఉన్నది చూపిస్తోంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. తిండి దగ్గర బిగుసుకుంటే గిన్నె లాక్కోకండి. దూరం నుంచి వెళ్తూ ఒక మంచి ముక్క విసిరి పోండి, రోజూ అలాగే. మీ రాక తనకు నష్టం కాదని తెలిసేదాకా దగ్గరికి వెళ్లకండి. దారిలో మొరిగితే పగ్గం గుంజకండి. అవతలి కుక్క కనిపించినా ముక్క తినగలిగేంత దూరానికి వెళ్లండి. పాఠం ఆ దూరం నుంచే మొదలవుతుంది. ముక్క తినడం మానేసిందంటే మీరు మరీ దగ్గరున్నారు.

చర్మం తెగేలా కరిస్తే, పిల్లల మీదకు వెళ్తే మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. ముందు గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, కుక్కకు టీకా అయినా సరే. తర్వాత శిక్షకుడిని వెతకండి. ‘కుక్క సరిగ్గా చేస్తే ఏం చేస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు?’ అని అడగండి. ముళ్ల కాలర్, కరెంటు కాలర్, లొంగదీయడం అన్న మాటలు వస్తే ఇంకొకరిని చూసుకోండి. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే షెల్టర్‌కు తొందరగానే చెప్పండి. చాలా షెల్టర్లు సలహా ఇస్తాయి, అవసరమైతే వెనక్కి తీసుకుంటాయి. మీరు రాసిపెట్టుకున్న వివరాలు దాని తర్వాతి ఇంటిని వెతకడానికి పనికొస్తాయి.

పగ్గం ఎప్పుడు విప్పాలి

మూడో నెలలో అందరూ అడిగే ప్రశ్న ఇది. పొడుగు తాడు మీదే పిలుపు నేర్పండి. ముందు ఇంట్లో, తర్వాత వాకిట్లో, తర్వాత మైదానంలో. పిలుపు మాటను తిట్టడానికీ, స్నానానికీ, ఆట ఆపి ఇంటికి తీసుకెళ్లడానికీ వాడకండి. పిలిచిన ప్రతిసారీ దగ్గరికి రాగానే కాలర్ పట్టుకుని, ఉడికించిన చికెన్ లాంటి మంచి ముక్క ఇచ్చి, పదిసార్లలో తొమ్మిదిసార్లు తిరిగి పొమ్మని వదిలేయండి. వాసన చూస్తున్నప్పుడూ, దూరంగా కుక్క కనిపిస్తున్నప్పుడూ కూడా మొదటి పిలుపుకే వెనక్కి తిరగడం వరసగా రెండు మూడు వారాలు చూశాక, చుట్టూ గోడో కంచో ఉన్న చోట మాత్రమే తాడు చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్చుకుపోనివ్వండి. రోడ్డు కనిపించే చోట మాత్రం పగ్గం చేతిలోనే ఉండాలి, కుక్క ఎంత మాట వినేదైనా సరే.